ఉప్పునీటి అక్వేరియం చేపలకు సరైన మేత ఎంచుకోవడం

మంచినీటి చేపలను కొన్నేళ్లు పెంచి ఆ తర్వాత ఉప్పునీటి ట్యాంకు పెట్టుకునేవారిలో చాలామంది ఉప్పు, పంపులు, లైట్ల గురించి నలుగురినీ అడిగి తెలుసుకుంటారు గాని, మేత దగ్గరికి వచ్చేసరికి గోల్డ్‌ఫిష్‌కు వేసిన డబ్బానే మళ్లీ తెరుస్తారు. సముద్రపు చేపలు దానిని తింటాయి కూడా. తింటున్నాయి కదా అని యజమాని నిశ్చింతగా ఉంటాడు. కొన్ని నెలలు గడిచేసరికి చేప రంగు వెలిసిపోతుంది, వీపు సన్నబడుతుంది, చిన్న జబ్బు సోకినా తట్టుకోలేకపోతుంది. చేప కడుపు నిండటం వేరు, దానికి పోషణ అందటం వేరు.

ఈ తేడాకు ప్రధాన కారణం కొవ్వు. మంచినీటి చేపలు చాలావరకు మొక్కల నూనెల్లో ఉండే సాధారణ ఒమేగా-3 కొవ్వును తీసుకుని, తమకు కావలసిన ఈపీఏ, డీహెచ్‌ఏ అనే పొడవాటి కొవ్వు ఆమ్లాలను శరీరంలోనే కొంతవరకు తయారు చేసుకోగలవు. సముద్రంలో సూక్ష్మ శైవలాల నుంచి మొదలుకొని ఆహారపు గొలుసు పొడవునా ఆ ఆమ్లాలు సమృద్ధిగా దొరుకుతాయి కనుక, సముద్రపు చేపల్లో ఎక్కువ వాటికి వాటిని తయారు చేసుకునే శక్తి చాలా తక్కువ. అందుకే మేతలో ఎక్కువ భాగం సముద్రంలో పుట్టినదే అయి ఉండాలి. కోడి కాలేయం, గొడ్డు గుండె వంటివి కొందరు చవకగా దొరుకుతాయని వేస్తుంటారు. ఆ కొవ్వు స్వభావమే వేరు, అది ట్యాంకు నీటి వెచ్చదనంలో కరగక గట్టిగానే ఉంటుంది, చేప కాలేయంలో పేరుకుంటుంది. వాటిని పూర్తిగా మానుకోవడమే మంచిది.

మేత కొనే ముందు చేప నోటిని, అది సముద్రంలో ఏమి తిని బతికిందో చూడాలి. టాంగ్ జాతి చేపలు రాళ్ల మీది నాచును రోజంతా గీకి తింటాయి. వాటి పేగు పొడవైనది, ఒక్కసారి పెట్టే పెద్ద మేత వాటికి సరిపడదు. క్లౌన్ ఫిష్, డామ్సెల్ చేపలు నీటిలో కొట్టుకువచ్చే చిన్న జీవులనూ, కొంత నాచునూ తినే సర్వభక్షులు కనుక వాటితో పెద్దగా ఇబ్బంది ఉండదు. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్ గుళికల మేతకు మొదటి నుంచీ అలవాటుపడి ఉంటుంది. లయన్ ఫిష్ వంటి వేటచేపలకు వారంలో రెండు మూడు సార్లు కండగల మేత చాలు. మాండరిన్ చేప చేతిలో పట్టేంతే ఉంటుంది గాని, దానికి రోజంతా కంటికి కనీకనిపించని కోపిపాడ్లు అనే చిన్న నీటి పురుగులు కావాలి. బాగా పాతబడి, చిన్న జీవులు కాపురమున్న సముద్రపు రాళ్లు నిండుగా ఉన్న ట్యాంకు లేనివారు దాని అందం చూసి కొనడం అంటే దానిని పస్తు పెట్టడమే.

టాంగ్ చేపలకు ఇంట్లో దొరికే పాలకూర ఉడికించి వేస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతుంటారు. ఒకటి రెండు సార్లు వేస్తే నష్టం లేదు, కానీ సముద్రపు నాచులో ఉండే పోషకాలు నేల మీది ఆకుకూరల్లో ఉండవు. నగరాల్లోని పెద్ద దుకాణాల్లో జపాన్ వంటకాల కోసం అమ్మే నోరి అనే ఎండు సముద్రపు నాచు పలకలు ఇందుకు చక్కగా పనికివస్తాయి. నూనె, కారం, సాస్ కలపనివి ఎంచుకుని, చిన్న ముక్కను క్లిప్పుతో అద్దానికి తగిలించాలి. కొత్త చేప మొదటి రోజు దాని చుట్టూ తిరిగి వెళ్లిపోవచ్చు. ఒక మూలను పీకి రుచి చూసిందంటే మరునాటికి ముక్క మిగలదు. సాయంత్రానికి మిగిలిన దానిని తీసివేయాలి. స్పిరులినా అనే సూక్ష్మమైన నాచు కలిపిన గుళికలు కూడా మంచివే, అయితే స్పిరులినాలో డీహెచ్‌ఏ ఉండదు కనుక అదొక్కటే మేతగా సరిపోదు.

చేపలకు మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్య గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రొయ్య పిల్లల హేచరీలు వరుసగా ఉన్న ఆంధ్ర తీరంలో దాని డబ్బాల పేరు తెలియనివారు తక్కువ. సిస్టులు అనే ఆ ఎండు గుడ్లను పొదిగించడం ఇంట్లోనూ సాధ్యమే. లీటరు నీటిలో సుమారు ముప్ఫై గ్రాముల అయొడిన్ లేని కళ్లుప్పు కలిపి, గరాటులా అడుగు సన్నబడిన సీసాలో పోసి, గ్రాము సిస్టులు వేసి, అడుగు నుంచి గాలి బలంగా వదులుతూ, పైన దీపం ఉంచాలి. నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే ఒక పగలూ రాత్రీ గడిచేసరికి నాప్లీలు అనే నారింజ రంగు పిల్లలు పుడతాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నాప్లీలు కిందికి చేరతాయి. పెంకులు చేప పిల్లల పేగుల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక, అడుగునున్న వాటినే సన్నని ట్యూబుతో లాగి, గుడ్డలో వడకట్టి, కడిగి వేయాలి.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అప్పుడే పుట్టిన నాప్లీలో పచ్చసొన ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది కరిగిపోయి పోషకబలం తగ్గుతుంది. రెండవది, ఆర్టీమియాలో డీహెచ్‌ఏ సహజంగానే చాలా తక్కువ. పుట్టిన ఎనిమిది గంటల తర్వాత దానికి నోరు తెరుచుకుంటుంది కనుక, అప్పుడు చేపనూనె ఆధారంగా తయారైన పోషక ద్రావణంలో కొన్ని గంటలు ఉంచితే ఆ లోటు తీరుతుంది. ఎదిగిన ఆర్టీమియాను గడ్డకట్టించి అమ్మే దిమ్మలు చేపలకు ఎంతో ఇష్టం, కానీ వాటిలో ఎక్కువ భాగం నీరే. రోజువారీ మేతగా మైసిస్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులే మేలు.

చేపల మార్కెట్ దగ్గరలో ఉన్నవారికి మరో సౌకర్యం ఉంది. తాజా స్క్విడ్, రొయ్య, ఆల్చిప్ప మాంసం, సముద్రపు చేప కండ వీటిని కలిపి, చేప నోటికి పట్టేంత సన్నగా తరిగి, పలుచని పొరగా గడ్డకట్టించి పెట్టుకోవచ్చు. ఏ ఒక్కదానినీ నెలల తరబడి వేయకూడదు. నెత్తళ్ల జాతిలో కొన్నింటిలోనూ, కొన్ని ఆల్చిప్పల్లోనూ, గోల్డ్‌ఫిష్‌లోనూ థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది విటమిన్ బి1ను విరగ్గొడుతుంది. లయన్ ఫిష్‌కు బతికున్న గోల్డ్‌ఫిష్‌ను వేయడం చూడటానికి వేడుకగా ఉండవచ్చు గాని, అది చేపను మెల్లగా చంపే అలవాటు. ట్యాంకులో శుభ్రం చేసే రొయ్యలనో పీతలనో పెంచుతున్నవారు చెరువు రొయ్య ముక్కలను పచ్చిగా వేయకపోవడం మంచిది; తెల్లమచ్చల వైరస్ గడ్డకట్టిన మాంసంలో కూడా బతికి ఉంటుంది. ఇక కిరాణా కొట్టు రొయ్యపొట్టు మన పులుసుకే గాని చేపలకు కాదు, ఎండలో దాని కొవ్వు ముందే పాడైపోతుంది.

గుళికల డబ్బా కొనేటప్పుడు ముందున్న బొమ్మను వదిలి వెనుకనున్న పదార్థాల వరుస చదవాలి. మొదట సముద్రపు చేపలు, క్రిల్, స్క్విడ్ పేర్లు ఉంటే అది తీసుకోదగినది. గోధుమ పిండి, సోయా ముందు వరుసలో ఉంటే పక్కన పెట్టాలి. సముద్రపు అలంకార చేపల కోసం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించిన 'కడల్‌మిన్ వర్ణ' వంటి దేశీయ మేత కూడా ఉంది. దుకాణదారు పెద్ద సంచి విప్పి పాలిథిన్ కవర్లలో కట్టి అమ్మే లూజు మేతను మాత్రం ఎంత చవకైనా కొనకూడదు. గాలి తగిలిన మేతలో విటమిన్ సి త్వరగా నశిస్తుంది, నూనె కంపు పట్టిపోతుంది. రెండు మూడు నెలల్లో అయిపోయే చిన్న డబ్బా కొని, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచాలి.

గడ్డకట్టించిన మేత కొనేటప్పుడు ప్యాకెట్‌ను వెలుతురుకు పెట్టి చూడాలి. విడివిడిగా ఉండవలసిన గళ్లు ఒకే ముద్దగా అతుక్కుని, అడుగున గోధుమరంగు నీరు గడ్డకట్టి ఉంటే, కరెంటు పోయినప్పుడు అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినదని అర్థం. వేసవిలో ఇది మరీ ఎక్కువ. వాడే ముందు గళ్లను కప్పులో ట్యాంకు నీటితో కరిగించి, టీ వడకట్టే జల్లెడలో పోసి రసాన్ని పారబోయాలి, లేకుంటే ఆ రసంలోని ఫాస్ఫేట్ ట్యాంకులో పాకుడును పెంచుతుంది.

రెండు నిమిషాల్లో తినేంత మేతను రోజుకు రెండు సార్లు వేయడం చాలా చేపలకు సరిపోతుంది. నీటి మధ్యలో ఈదుతూ తినే ఆంథియాస్ చేపలకు మాత్రం కొద్దికొద్దిగా ఎక్కువ సార్లు కావాలి. కొత్త చేపను కొనే ముందు దుకాణంలోనే మేత వేసి చూపించమని అడగాలి. మైసిస్ వేస్తే పరుగున వచ్చి తిన్నదాన్ని ఇంటికి తెచ్చుకున్నాక నెమ్మదిగా గుళికలకు మళ్లించవచ్చు. ముక్కను నోట పట్టి ఉమ్మేసేదాన్ని, అసలు తలే తిప్పనిదాన్ని, ఎంత నచ్చినా అక్కడే వదిలి మరో వారం వచ్చి మళ్లీ మేత వేయించి చూడాలి.