థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టాలంటే ఎలా వేసుకోవాలి?

పద్దెనిమిదేళ్లుగా నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, ఇంట్లో మరో ఇద్దరి చేత వేయిస్తున్నాను. మాత్ర మింగడం కూడా ఒకరు నేర్పాలా అనేవారే దాన్ని ఎక్కువగా వృథా చేస్తారని చూస్తూనే ఉన్నాను.

థైరాయిడ్ హార్మోను తగ్గితే పేగుల కదలిక మందగించి మలబద్ధకం, కడుపు ఉబ్బరం వస్తాయి. ఎక్కువైతే రోజుకు మూడు నాలుగు సార్లు విరేచనం అవుతుంది. ఆ లోటు తీర్చే లీవోథైరాక్సిన్ మాత్ర రక్తంలోకి చేరేదీ చిన్నపేగు నుంచే. పరగడుపున వేసుకున్నా మందులో దాదాపు 60 నుంచి 80 శాతమే ఒంటికి పడుతుంది, ఇక కడుపులో మరొకటి ఉంటే ఆ మాత్రం కూడా దక్కదు.

మొదట, సీసాను ఎండ, తేమ, పొయ్యి వేడి తగలని చోట పెట్టండి. నిద్ర లేవగానే ఒక నిండు గ్లాసు మంచినీళ్లతో మాత్ర మింగండి. పాలతో, మజ్జిగతో, నిమ్మరసంతో కాదు, నీళ్లతోనే.

అసలు చిక్కు ఆ తరువాతి గంటలో ఉంది. అరగంట చాలని కొందరంటారు గాని, మా ఇంట్లో గంట నియమమే నడుస్తుంది, ఎందుకంటే అరగంట అని చెబితే అది పావుగంటకు దిగుతుంది. ఆ గంటలో టిఫినే కాదు, కాఫీ కూడా కూడదు. మా మేనత్త ఆరింటికి కుడిచేత్తో మాత్ర నోట్లో వేసుకునేటప్పటికే ఎడమచేతిలో కాఫీ గ్లాసు పొగలు కక్కుతూ ఉండేది. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలనప్పుడు పెరిగే హార్మోను) పెరిగిందని మందు 75 మైక్రోగ్రాముల నుంచి 100కు పెంచారు, కాఫీ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

క్యాల్షియం, ఐరన్ మాత్రలకు గంట కూడా చాలదు. అవి పేగులోనే ఈ మందును పట్టి ఉంచుతాయి కనుక నాలుగు గంటల ఎడం ఉండాలి. నేనైతే వాటిని మధ్యాహ్న భోజనం తరువాతకు నెట్టేశాను. మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్ వంటి పీచు కూడా మందును పీల్చుకోనివ్వకపోవచ్చు, కాబట్టి దాన్ని రాత్రికి మార్చుకోవాలి; లేకపోతే థైరాయిడ్ వల్ల వచ్చిన మలబద్ధకానికి వాడిన మందే థైరాయిడ్ మందుకు అడ్డం పడుతుంది. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవారి సంగతి వేరు. వాటిలో చాలా రకాలు కడుపులోని ఆమ్లాన్నే తగ్గిస్తాయి, మాత్ర బాగా కరగడానికి ఆ ఆమ్లం కావాలి, అందుచేత ఎడం పాటించినా సరిపోకపోవచ్చు. ఆ మాట వైద్యుడికి చెప్పి తీరాలి.

రాత్రి పడుకునే ముందు, భోజనమైన మూడు గంటలకు వేసుకోవచ్చని వైద్యులే అంటారు, అది తప్పు కాదు. కాని తొమ్మిదిన్నరకు అన్నం తిని, పదింటికి పాలు తాగే ఇళ్లలో ఒంటిగంట దాకా ఎవరు మేలుకుంటారు? తెల్లవారుజామే మేలు.

ఇంతకాలం తప్పుగా వేసుకుని ఇప్పుడు పద్ధతి మార్చుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పాత అలవాటుకు తగ్గట్టు పెంచిన మోతాదు, పేగు మందును సరిగ్గా పీల్చుకోవడం మొదలయ్యాక ఎక్కువై గుండెదడ, చెమటలు, విరేచనాలు తెస్తుంది. మాత్రతో పాటు కాఫీ తాగడం మానిన నెలన్నరకు మా మేనత్తకు జరిగింది అదే. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది గనుక పరీక్ష మరునాడే చేయించి లాభం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించండి, దడ వంటివి కనిపిస్తే మాత్రం ఆగకుండా వైద్యుడిని కలవండి. పరీక్ష రోజున రక్తం ఇచ్చిన తరువాతే మాత్ర వేసుకోండి, మోతాదును మాత్రం సొంతంగా మార్చకండి. మేనత్తకు మళ్లీ 75 రాశారు. ఆవిడ కాఫీ ఇప్పుడు ఏడు గంటలకు.