ఉపగ్రహంతో సముద్రమట్టం, 3వ పాఠం: ఎత్తు ఎక్కణ్ణుంచి కొలవాలి

పోయిన పాఠంలో రాడార్ పల్స్ నీళ్లకి తగిలి తిరిగెళ్లే టైమ్‌తో దూరం కట్టాం కదా, 1336 కిలోమీటర్ల పైనుంచి రానూపోనూ దాదాపు 9 మిల్లీసెకన్లు. ఆ దూరాన్ని ఉపగ్రహం ఎత్తులోంచి తీసేస్తే సముద్రం ఎత్తు వస్తుంది. సరే, ఎక్కణ్ణుంచి ఎత్తు? ఇది తేల్చుకోకుండా ముందుకెళ్తే తర్వాతొచ్చే లెక్కలన్నీ గందరగోళమే.

కళింగపట్నం వెళ్లినప్పుడు వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుకలో నిలబడి ఫోన్లో జీపీఎస్ యాప్ తెరవండి (కొన్ని యాప్‌లు ఎత్తుని సరిచేసి చూపిస్తాయి, ఆ సెట్టింగ్ ఆపేయండి). ఎత్తు మైనస్‌లో వస్తుంది, అదీ పదుల మీటర్లు. కంగారుపడకండి, ఫోన్ బాగానే ఉంది. జీపీఎస్ కొలిచేది ఎలిప్సాయిడ్ నుంచి, అంటే భూమికి దగ్గరగా ఉండేలా లెక్కలతో కట్టుకున్న నున్నటి ఆకారం నుంచి. నీళ్లకి ఆ లెక్కతో పనిలేదు, గురుత్వాకర్షణ ఎలా ఉంటే అలా సర్దుకుంటాయి, ఆ సర్దుకున్న మట్టం పేరే జియాయిడ్. శ్రీలంకకి దక్షిణాన అది ఎలిప్సాయిడ్‌కి 100 మీటర్ల పైనే కిందుంటుంది, ప్రపంచంలో ఇంత పల్లం ఇంకెక్కడా లేదు, దాని ప్రభావమే మన తీరం దాకా కనిపిస్తోంది.

ఇప్పుడు పెన్ను తీయండి, ప్రాక్టీస్ కోసం నేను వేసిన అంకెలు ఇవి. ఉపగ్రహం ఎత్తు (దీన్నీ ఎలిప్సాయిడ్ నుంచే కొలుస్తారు) 1336000.00 మీటర్లు, కొలిచిన దూరం 1336064.20. తీసేస్తే మైనస్ 64.20. అక్కడ చాలా ఏళ్ల సగటు సముద్రమట్టం మైనస్ 64.35 అనుకుందాం. అంటే ఆరోజు నీళ్లు సగటు కంటే 15 సెంటీమీటర్లు పైనున్నాయి. మనక్కావాల్సింది ఈ 15 మాత్రమే, ఆ పెద్ద మైనస్‌ని మర్చిపోవచ్చు.

కాకపోతే దూరాన్ని ముందే సవరించి ఉండాలి. గాలి వల్లే పల్స్ ఆలస్యమై దూరం 2.3 మీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది, గాల్లో తేమ ఇంకో 40 సెంటీమీటర్ల దాకా కలుపుతుంది. మన తీరంలో ఉక్కపోత సంగతి తెలిసిందేగా, ఈ తేమ సవరణ వదిలేస్తే 15 సెంటీమీటర్లు ఎటో కొట్టుకుపోతాయి. తేమని కొలిచే రేడియోమీటర్ ఉపగ్రహంలోనే ఉంటుంది గానీ ఒడ్డు దగ్గరికొస్తే నేల కూడా దాని చూపులో పడి రీడింగ్ చెడిపోతుంది, అందుకే మొదట్లో భావనపాడు ఒడ్డుకి ఓ 50 కిలోమీటర్లు అవతల ఉన్న పాయింట్లే తీసుకోండి. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహం ఒడ్డుకి ఇంకాస్త దగ్గరగా చూడగలిగింది, దాని సంగతి తర్వాత.

ఇంకొకటి, మన దగ్గర సముద్రం మార్చి ప్రాంతంలో తగ్గి అక్టోబరు, నవంబరుల్లో బాగా పెరుగుతుంది, వానల తర్వాత నదుల నీళ్లు, తీరం వెంట ప్రవాహాలు కలిసి చేసే పని అది. 1993 నుంచి ప్రపంచ సగటు పెరుగుదల ఏడాదికి 3 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. కాబట్టి మార్చిని మార్చితోనే పోల్చండి. వచ్చే పాఠానికి ఒకే పాయింట్‌లో పదేళ్ల మార్చి నెలల అంకెలు గ్రాఫ్ గీసి పెట్టుకోండి, దాని మీద గీత ఎలా లాగాలో అప్పుడు చూద్దాం.