హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వినిపిస్తుంటే

కడపలో మా ఇంటి వెనక గదిలో చెల్లెలు భజన పాటలు పాడుతుంది, నేను రికార్డ్ చేస్తాను. "అన్నా, నా గొంతు నాకే ఎనకాలొస్తాంది, తాళం నిలబడ్ల్యా" అంటూ మధ్యలోనే ఆపేసేది. అంత చక్కటి గొంతు అలా తడబడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

కారణం బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కొంత కొంతగా పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వ. మైకులో పడిన శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి, మళ్లీ హెడ్‌ఫోన్‌కు రావాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసుకునేటప్పుడు, 1024 శాంపిళ్ల బఫర్ పెడితే ఒక వైపుకే 21 మిల్లీసెకన్లు, రానూపోనూ 40 దాటుతుంది. 128కి తగ్గిస్తే ఆలస్యం పోయింది గానీ, పాత ల్యాప్‌టాప్ తట్టుకోలేక రికార్డింగ్‌లో చిటపటలు మొదలయ్యాయి.

అందుకని మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె మీదున్న డైరెక్ట్ మానిటర్ మీట నొక్కాను. దాంతో గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే నేరుగా చెవికి చేరుతుంది. అయితే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (పాడుతున్న గొంతును తిరిగి వినిపించడం) ఆపేయాలి, లేకపోతే రెండు గొంతులు వినిపిస్తాయి. ఇక బఫర్ పెద్దదిగా ఉన్నా ఫర్వాలేదు.

ఇలా వినిపించే గొంతు పొడిగా ఉంటుంది. రివర్బ్ (ప్రతిధ్వని) లేందే పాడలేనంటే, సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ మళ్లీ పెట్టి, అసలు గొంతు రాకుండా రివర్బ్ శబ్దం ఒక్కటే హెడ్‌ఫోన్‌కు పంపండి. ప్రతిధ్వని కాస్త ఆలస్యమైనా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు.

హెడ్‌ఫోన్ మాత్రం చెవిని పూర్తిగా మూసే క్లోజ్డ్ బ్యాక్ రకమే కావాలి, అందులో వినిపించే తాళం శబ్దం మైకులోకి కారకుండా. బ్లూటూత్‌వి ఈ పనికి అస్సలు వద్దు. ఒక చెవి తెరిచి పాడే అలవాటుంటే, ఆ వైపు కప్పును తలకు ఆనించి పెట్టుకోమనండి.