కీమో తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోతే

మూడో కీమో అయిన పదో రోజు. అమ్మ కాళ్లకు కొబ్బరినూనె రాస్తుంటే పిక్కల మీద ఆవగింజలంత ఎర్ర చుక్కలు కనిపించాయి. చెమటకాయలే అనుకున్నాను. గాజుగ్లాసుతో నొక్కి చూస్తే ఎరుపు పాలిపోలేదు. అంటే చర్మం కింద రక్తం. సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయిస్తే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు 18 వేలు! మామూలుగా లక్షన్నరకు పైనే ఉండాలి.

సమస్య: ఎర్ర చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం

కారణం: ప్లేట్‌లెట్లు పుట్టేది ఎముక మూలుగలో. కీమో దాన్నీ దెబ్బతీస్తుంది. ఉన్నవి 8-10 రోజులకు మించి బతకవు, కొత్తవి రావు. అందుకే కీమో రోజు బాగున్నా, చాలా మందులకు 7-14 రోజుల మధ్య కౌంట్ అడుగంటుతుంది. కార్బోప్లాటిన్‌కైతే మూడు వారాలు పట్టొచ్చు.

పరిష్కారం: ఆ రోజే మీ క్యాన్సర్ డాక్టర్‌కు చెప్పండి. వేపపుల్ల మానేసి మెత్తటి బ్రష్ వాడండి. ఒళ్లునొప్పులకు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు, కండకు ఇంజెక్షన్ వేయించుకోవద్దు. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా డాక్టర్‌నే అడగండి. మలబద్ధకం ఉంటే ముక్కనివ్వకండి, ఎనిమా అసలే వద్దు.

సమస్య: ముక్కులోంచి రక్తం

తల వెనక్కి వాల్చకండి. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు వదలకుండా పట్టుకోండి. ఆగకపోతే ఆసుపత్రికే.

సమస్య: తీవ్రమైన తలనొప్పి, మగత, మాట తడబడటం, నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, 100.4 డిగ్రీల జ్వరం

అర్ధరాత్రయినా బయల్దేరండి. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

సమస్య: కౌంట్ తగ్గినా ప్లేట్‌లెట్లు ఎక్కించడం లేదు

ఇక్కడే ఇంట్లోవాళ్లకు టెన్షన్. రక్తస్రావం, జ్వరం లేకపోతే సాధారణంగా 10 వేలకు దిగువన పడితేనే ఎక్కిస్తారు. ఎక్కించినవి కొద్దిరోజులే ఉంటాయి. మూలుగ కోలుకుంటే కౌంట్ తనే పెరుగుతుంది. ఈలోగా తర్వాతి కీమో వాయిదా వేసినా, డోసు తగ్గించినా కంగారుపడకండి. డెంగీకి తాగారని బొప్పాయి ఆకు రసం మాత్రం పట్టించకండి. తెల్లకణాలూ తగ్గి ఉండే రోజులవి, పచ్చి రసంతో ఇన్ఫెక్షన్ రావచ్చు.

ప్లేట్‌లెట్ల సంచి నిల్వ ఉండేది 5 రోజులే. ఒకే దాత నుంచి మెషిన్‌తో తీసే ఎస్‌డీపీ అవసరపడితే అప్పటికప్పుడు మనిషి దొరకడం కష్టం. ఇద్దరు ముగ్గురు దాతల నంబర్లు కీమో మొదలయ్యే వారమే రాసి పెట్టుకోండి.