చల్లని ఇంజిన్‌లో వచ్చే టిక్‌టిక్ శబ్దం ఎక్కడిదో తెలుసుకోవడం ఎలా?

రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ టిక్‌టిక్‌మని, కాసేపటికి తనంతట తానే సద్దుమణుగుతుంటే, దాన్ని పరీక్షించడానికి మనకు దొరికేది ఆ మొదటి కొన్ని నిమిషాలే. మెకానిక్ దగ్గరకు చేరేసరికి ఇంజిన్ వేడెక్కి శబ్దం మాయమవుతుంది. అందువల్ల టార్చిలైటు, పొడవాటి స్క్రూడ్రైవర్, మీటరు పొడవున్న రబ్బరు గొట్టం ముందు రోజు రాత్రే సిద్ధం చేసుకోవాలి. కారును చదునైన చోట, తప్పనిసరిగా ఆరుబయట నిలపాలి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే పేరుకునే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అది ప్రాణం తీస్తుంది.

స్టార్ట్ చేయకముందే ఆయిల్ మట్టం చూపే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడాలి. ఆయిల్ కింది గీతకంటే తక్కువగా ఉంటే ముందు అది పోయాలి. ఎన్నోసార్లు సమస్య అక్కడితోనే తీరిపోతుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వాడాలి. 5డబ్ల్యూ-30 అన్నప్పుడు డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది, అది ఎంత తక్కువైతే అంత త్వరగా ఆయిల్ పైకి చేరుతుంది.

ఇప్పుడు బానెట్ తెరిచి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి స్టార్ట్ చేయించండి. శబ్దం ఎన్ని సెకన్లు ఉన్నదో లెక్కపెట్టడమే అన్నిటికంటే విలువైన ఆధారం. రెండు మూడు సెకన్లలో ఆగిపోతే, రాత్రి హైడ్రాలిక్ ట్యాపెట్ల (వాల్వులను తెరిచే, ఆయిల్‌తో నిండి ఉండే చిన్న భాగాలు) నుంచి కిందికి దిగిన ఆయిల్ మళ్లీ నిండే వరకు వచ్చిన చప్పుడు కావచ్చు. దానికి కంగారు అక్కరలేదు. అది రోజురోజుకూ పొడుగవుతుంటే ఆయిల్ ఫిల్టర్‌ను అనుమానించాలి, ఎందుకంటే ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే చిన్న వాల్వు చాలా ఫిల్టర్లలో ఉంటుంది, అది గట్టిపడితే ఫిల్టర్ రాత్రికి రాత్రే ఖాళీ అవుతుంది. టిక్‌టిక్ కాకుండా గొలుసు ఈడ్చినట్టు గరగరలాడితే అది టైమింగ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి గొలుసును బిగువుగా ఉంచే భాగం) కావచ్చు, దాన్ని వాయిదా వేయకూడదు.

శబ్దం నిమిషాల తరబడి సాగి, వేడెక్కాకే తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను, అంటే సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే లోహపు గొట్టాల భాగాన్ని చూడాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. 800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) వద్ద ఒక్కో వాల్వు సెకనుకు దాదాపు ఏడుసార్లు తెరుచుకుంటుంది, ఒక సిలిండర్ వద్ద లీకయ్యే పొగ కూడా సరిగ్గా అదే లయలో కొడుతుంది, కనుక చెవికి ట్యాపెట్ చప్పుడూ లీకు చప్పుడూ ఒకేలా వినిపిస్తాయి. తేడా తెలియాలంటే యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కించాలి. లీకైతే శబ్దం ఒక్కసారిగా పదునెక్కుతుంది. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర ఉంచుకుని, రెండో కొసను వేడి లోహానికి తగలకుండా మానిఫోల్డ్ ఇంజిన్‌కు కలిసే చోట ఉండే గ్యాస్కెట్ (సందు మూసే పలక) వెంబడి జరిపితే, లీకున్న చోట ఫుస్‌ఫుస్‌మనడం స్పష్టంగా వినిపిస్తుంది. ఇంజిన్ ఆపి చల్లారాక టార్చి వేస్తే, అక్కడే లోహం మీద కాటుక వేలితో గీసినట్టు నల్లని మసి చార కనిపించవచ్చు. చివరి సిలిండర్ల దగ్గర మానిఫోల్డ్‌ను బిగించే స్టడ్లు (బోల్టులు) విరిగాయేమో తప్పక చూడండి. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకోవడం వల్లే శబ్దం ఆగుతుంది తప్ప, లోపం పోయినట్టు కాదు.

స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్ పైనున్న వాల్వ్ కవర్‌కూ, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకూ ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు తాకించి వినవచ్చు. బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా ఉండాలి, చున్నీ, జుట్టు వేలాడకూడదు. వేడిలోనూ చలిలోనూ ఒకేలా ఉండే సన్నని టిక్‌టిక్ ఇంజెక్టర్లదైతే అది సహజమే. డొల్లగా ఠకఠకమని మొదలై, వేడెక్కేకొద్దీ తగ్గేది అరిగిన సిలిండర్‌లో పిస్టన్ కొట్టుకునే చప్పుడు కావచ్చు.

ఆయిల్ ప్రెజర్ లైటు ఆరకపోయినా, లోతుగా దబదబమనే శబ్దం వేడెక్కాక ఇంకా పెరిగినా వెంటనే ఇంజిన్ ఆపి, కారును లాగించుకునే తీసుకెళ్లాలి. మిగతా సందర్భాల్లో రికార్డింగ్ వినిపించి, కారును సాయంత్రమే గ్యారేజీలో వదిలి, మర్నాటి మొదటి స్టార్ట్ మెకానిక్కే చేసేలా ఏర్పాటు చేసుకోండి.