మెమోరియల్ ఫెల్ రేసుకు వెళ్లేముందు చూసుకోవాల్సినవి

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో ఏటా అక్టోబర్ మొదట్లో ఇయన్ హాడ్జ్‌సన్ మౌంటెన్ రిలే జరుగుతుంది. జట్టుకు ఎనిమిది మంది, ఇద్దరిద్దరు చొప్పున నాలుగు లెగ్‌లు, అంటే దారిని నాలుగు భాగాలుగా పంచుకుని పరిగెత్తుతారు. ఇలా ఒకరి జ్ఞాపకార్థం జరిగే కొండ పరుగులను (అక్కడ కొండను ఫెల్ అంటారు, అందుకే ఫెల్ రేసులు) ఉత్తర ఇంగ్లండ్‌లోని స్థానిక క్లబ్బులు చాలానే నడుపుతుంటాయి. మాంచెస్టర్, లీడ్స్ వైపు ఉండే మనవాళ్లలో హాఫ్ మారథాన్ అలవాటైనవాళ్లు ఆఫీసులో ఎవరో పిలిస్తే వీటికి పేరిస్తారు. రోడ్డు మీద పరిగెత్తిన అనుభవం ఒక్కటే ఇక్కడ సరిపోదు.

అసలు ప్రమాదం చలిది. లోయలో ఎండ ఉన్నా 950 మీటర్ల హెల్వెలిన్ కొండ మీదకు చేరేసరికి ఐదు డిగ్రీలు తగ్గుతుంది, గాలీ వానా తోడైతే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది. పరిగెడుతున్నంతసేపు ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. మడమ మెలిక పడి కూర్చున్నారా, చెమటకు తడిసిన బట్టలు నిమిషాల్లో వణికిస్తాయి. 2021 మేలో చైనాలోని గాన్సులో 100 కిలోమీటర్ల కొండ పరుగులో 172 మంది బయల్దేరితే, ఉన్నట్టుండి వచ్చిన వడగళ్లు, చలిగాలికి 21 మంది చనిపోయారు. గాలిని ఆపే జాకెట్ అక్కడ తప్పనిసరి కాదు, తెచ్చుకుంటే మంచిదన్నారు అంతే. చాలామంది తేలికపాటి బట్టల్లోనే ఉన్నారు.

అందుకే ఫెల్ రేసుల్లో నిర్వాహకులు సంచి తెరిపించి చూస్తారు. హుడ్ ఉండి కుట్ల లోపల టేపు వేసిన వాటర్‌ప్రూఫ్ జాకెట్, అలాంటిదే ప్యాంటు, టోపీ, గ్లవ్స్, మ్యాప్, కంపాస్, విజిల్, అత్యవసరానికి తిండి సాధారణంగా అడుగుతారు. బరువు తగ్గుతుందని పల్చటి విండ్‌చీటర్‌తో సరిపెట్టకండి, నాలుగు చినుకులకే అది తడిసిపోతుంది. పైన గాలి మొదలయ్యాక కాదు, మొదలవకముందే జాకెట్ వేసుకోండి. వేళ్లు కొంకర్లు పోయాక జిప్పు కూడా లాగలేరు. బూట్ల కింద లోతైన పళ్లు ఉండాలి, రోడ్డు షూ తడి గడ్డి మీద జారుతుంది.

ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అనుకోవద్దు. చలికి బ్యాటరీ గబుక్కున పడిపోతుంది, తడి స్క్రీన్ వేలికి పలకదు. పొగమంచు కమ్మితే ముందున్న రన్నర్ వెనకాలే పోవడం అందరికీ అలవాటు, కానీ ఆయనకూ దారి తెలియకపోవచ్చు. కనీసం ఒక వారాంతం ముందుగా వెళ్లి మీ లెగ్ మొత్తం నడిచి రండి. తప్పు లోయలోకి దిగే చోట్లను మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి.

జంటగా పరిగెత్తేటప్పుడు విడిపోకూడదు. పక్కవాళ్ల మాట తడబడుతున్నా, అకారణంగా విసుక్కుంటున్నా, కాళ్లు తొట్రుపడుతున్నా చలి లోపలికి ఎక్కిందని అర్థం. ఆ స్థితిలో "నాకేం కాలేదు" అన్న మాట నమ్మకండి. పొడి బట్టలు తొడిగి, తీపి ఏదైనా తినిపించి, కిందికి దింపండి. ఒణుకు ఆగిపోయినా మనిషి ఇంకా చల్లగా, మత్తుగా ఉంటే అది కుదుటపడటం కాదు, మరింత ప్రమాదం.

మెమోరియల్ రేసులో ఇంకో బరువు కూడా ఉంటుంది. చనిపోయిన మనిషి కుటుంబం, పాత స్నేహితులు ఫినిష్ దగ్గర నిలబడి ఉంటే, సగంలో ఆగడం ఆయన్ని చిన్నబుచ్చినట్టు అనిపిస్తుంది. అలా అనుకోకండి. తమ ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగాలని ఆ కుటుంబం కోరుకోదు.

ఆగిపోతే మాత్రం దారిలో ఉండే మార్షల్‌కు (రేసు నిర్వాహకుల మనిషికి) చెప్పండి, తర్వాత ఫినిష్‌కు వెళ్లి అక్కడా చెప్పి మీ రేసు నంబరు అప్పగించండి. చెప్పకుండా కారెక్కి ఇంటికి పోతే మీ కోసం రాత్రంతా కొండ మీద వెతుకుతారు. మౌంటెన్ రెస్క్యూ వాళ్లంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులే. మనం హాయిగా ఇంట్లో ఉండగా వాళ్లను చీకట్లో, వానలో తిప్పడం చాలా పెద్ద తప్పు.

నిజంగా ఆపద వస్తే అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి పోలీసులను అడిగి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. కాల్ కలవని చోట ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది, కానీ ముందుగా నమోదు చేసుకుంటేనే ఆ సదుపాయం పనిచేస్తుంది. ఇంట్లో ఉండగానే ఇంగ్లీషులో 'రిజిస్టర్' అని 999కి మెసేజ్ పంపి, వచ్చే సూచనల ప్రకారం పూర్తి చేయండి. సిగ్నల్ అసలే లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. మూడు విజిళ్లు తిరిగి వినిపిస్తే మీ పిలుపు అందినట్టే. అయినా వాళ్లు మిమ్మల్ని చేరేదాకా ఊదడం ఆపొద్దు.