పాత ఇంగ్లిష్ వెండి మీద ముద్రలు చదవడం ఎలా?

లండన్‌లో పాత సామాన్ల మార్కెట్‌కి వెళ్తే వెండి చెంచాలు బోలెడు కనిపిస్తాయి. ఒకటి తీసి వెనక్కి తిప్పండి. కాడ మీద వరసగా నాలుగైదు చిన్న ముద్రలుంటాయి. అమ్మేవాళ్ల మాట కన్నా వాటినే నమ్మాలంటాను. చేసినవారి గుర్తు తప్ప మిగతావి కొట్టింది వ్యాపారి కాదు, పరీక్ష చేసినవాళ్లు. లండన్‌లో ఆ పని గోల్డ్‌స్మిత్స్ కంపెనీ అనే స్వర్ణకారుల సంఘానిది. 1327లో రాజు నుంచి అధికార పత్రం పొందిన ఈ సంఘం ఇప్పటికీ ఆ పని చేస్తోంది.

ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. పాలిష్ మాత్రం పెట్టొద్దు, రుద్దేకొద్దీ ముద్రలు అరిగిపోతాయి. నగల షాపువాళ్లు వాడే భూతద్దం ఒకటి దగ్గరుంచుకోండి.

మొదట సింహం కోసం వెతకండి. ముందుకాలు ఎత్తి నడుస్తున్న సింహం ఉంటే అది స్టెర్లింగ్, అంటే నూటికి 92.5 పాళ్లు వెండి. ఈ గుర్తు 1544 నుంచి ఉంది. 1697-1720 మధ్య వన్నె 95.84కి పెంచి, సింహం బదులు కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్‌కి ప్రతీకగా గీసే స్త్రీ) బొమ్మ కొట్టారు. ఈపీఎన్ఎస్ అని అక్షరాలుంటే అది వెండిపూతే, వెండి ధర పెట్టొద్దు.

తర్వాత పరీక్ష జరిగిన ఊరు. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, కోట ఎడిన్‌బరోది. షెఫీల్డ్‌కు 1975 దాకా కిరీటం, ఆ తర్వాత గులాబీ. లండన్ చిరుత నెత్తిన కిరీటం కూడా ఉంటే ఆ వస్తువు 1821కి ముందుదో, ఆ ఏడాదిదో అనుకోవచ్చు.

అసలు కష్టం సంవత్సరం అక్షరంతోనే. 1478 నుంచి లండన్‌లో సరుకును సంఘం హాలుకే తెచ్చి పరీక్ష చేయించాల్సి వచ్చింది. తర్వాత తక్కువ వన్నె వెండి బయటపడితే ఆ ఏడాది పరీక్షకుడెవరో తెలియాలి కదా, అందుకే ఏటా మారే అక్షరం పెట్టారు. లండన్‌లో జె వదిలేసి ఏ నుంచి యు దాకా 20 అక్షరాలు, అవి అయిపోగానే కొత్త రాతలో మళ్లీ మొదలు. కాబట్టి అక్షరం ఒక్కటే చూస్తే చాలదు. పెద్ద ఎఫ్ ఉంది, పక్కన విక్టోరియా రాణి తల ఉంది అనుకుందాం. ఆ తల పన్ను కట్టినట్టు గుర్తు, 1784-1890 మధ్య రాజు లేదా రాణి తల కొట్టేవారు. ఎఫ్ వంపులు తిరిగిన గోథిక్ రాతలో ఉంటే 1841, మామూలు అచ్చు అక్షరమైతే 1881. ఒక్క రాత తేడాకి 40 ఏళ్లు! అక్షరం చుట్టూ ఉన్న డాలు ఆకారం కూడా ఏ ఏడాదికి ఏ అక్షరమో చూపే పట్టికతో సరిపోల్చుకోండి. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్‌ల వరసలు వేరు, అందుకే ఊరు ముందు తేల్చుకోమన్నాను. మన దగ్గర బంగారు నగ మీది హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వచ్చేస్తాయి. పాత వెండికి ఆ సుఖం లేదు, పట్టిక తిప్పాల్సిందే.

మిగిలింది చేసినవారి గుర్తు. ఎక్కువగా పేరులోని పొడి అక్షరాలే ఉంటాయి.

ధర పెద్దదైతే ఇంకో పరీక్ష చేయండి. చిన్న వస్తువు మీది ముద్రల ముక్క కోసి పెద్దదానికి అతికించే మోసం ఒకటుంది. ముద్రల మీద నోటితో ఆవిరి ఊదండి. చుట్టూ సన్నటి గీత తేలితే అది టంకం అతుకు కావచ్చు. అప్పుడు బేరం ఆపేయండి. ఇలాంటి అనుమానపు పాత వెండిని పరిశీలించడానికే గోల్డ్‌స్మిత్స్ కంపెనీకి ఆంటీక్ ప్లేట్ కమిటీ అని ప్రత్యేకంగా ఒకటుంది.